గైర్హాజరు గడిలో రాసిన మాట

కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతుళ్లు, పంతులమ్మలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. అడిగేవి రెండే ప్రశ్నలు. పిల్లలు బడికి రాకపోతే ఏం చెయ్యాలి? వచ్చినవాళ్లకు చదువు రాకపోతే ఏం చెయ్యాలి?

ఈ పని జనగామలో చేశాను, రేగొండలో చేశాను, మహదేవపూర్ అవతల గోదావరి ఒడ్డున చేశాను. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయిందో, ఏ గ్రేడు ఎన్నడు వచ్చిందో చెప్పి మీ పొద్దు పాడుచెయ్యను. ఆ రెండు ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులన్నీ మొదటి రెండేళ్లలో, మానుకోట దాటాక రోడ్డు పక్కనున్న ఒక చిన్న బడిలో నేర్చుకున్నవే. నా ఉద్యోగం మొత్తంలో చేసిన పెద్ద తప్పు కూడా అక్కడే చేశాను.

ఎవరి పిల్లలు

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. నిజాం రాజ్యం పోయింది, కానీ తుపాకులు పట్టి పోరాడుతున్న సంఘం వాళ్లు ఇంకా అడవిలోనే ఉన్నారు. అడవి అంచు తండాల వాళ్లు వాళ్లకు గటక పోస్తున్నారని, దారి చూపిస్తున్నారని సర్కారు అనుమానం. అందుకని మూడు తండాలను ఖాళీ చేయించి, జనాన్ని, గొడ్డుగోదను రోడ్డు మీదికి తెచ్చి, పోలీసు డేరాల పక్కన తాటాకు గుడిసెలు వేయించారు. దాన్ని అందరూ క్యాంపు అనేవాళ్లు. పొద్దున చిట్టీ తీసుకుని చేలకు పోవాలి, పొద్దు గూకకముందే తిరిగి రావాలి.

ఆ పిల్లల కోసం ఒక బడి పెట్టారు. మామూలు బళ్ల లాంటిది కాదు. ఐదేళ్ల పిల్ల నుంచి పదమూడేళ్ల పిల్లాడి దాకా అందరూ ఒకే కొట్టంలో కూర్చునేవాళ్లు. పిల్లలంతా పశువులు కాసేవాళ్లే కనుక, పొద్దున కాకుండా, మందలు నీడపట్టున పండుకునే మధ్యాహ్నం వేళ బడి నడిచేది. అక్కడికి పోవడానికి ఏ పంతులూ ఒప్పుకోలేదు. అందుకే నన్ను పంపారు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మా నాయిన జనగామలో రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగు కూలీ. మా వాడ పిల్లలను ఊరి బడిలో చూరు కింద కూర్చోబెడితే, ఆయనకు రోషం వచ్చి నన్ను మిషను బోర్డింగులో వేశాడు. అక్కడే ఏడో తరగతి, పంతులమ్మ ట్రైనింగు అయ్యాయి. క్యాంపు పక్క ఊళ్లో మా క్రైస్తవుల ఇంట్లోనే ఒక ముసలవ్వ దగ్గర నాకో గది కుదిరింది.

మొదటి రోజు ఇరవై రెండు పేర్లు రాసుకున్నాను. పదహారు మంది లంబాడా పిల్లలు. నలుగురు పక్క ఊరి మాదిగవాడ వాళ్లు. ఒక సాలెవాళ్ల పిల్ల, క్యాంపు హవల్దారు కొడుకు ఒకడు. తండ్రి పేరు, పని అడిగితే లంబాడా పిల్లల్లో సగం మంది "కూలికి పోయిండు" అన్నారు. ఎక్కడికి అని నేను అడగలేదు. ఆ వయసులో నాకు ఆ మాత్రం తెలివి ఉంది.

మొద్దు ఎవరు

నాలుగు నెలలకు బళ్ల ఇన్‌స్పెక్టరు కరీం సాబ్ తనిఖీకి వచ్చారు. యాభై దాటిన మనిషి. రాజ్యం మారాక ఆయన లాంటి ఉద్యోగులు చాలామంది భయంభయంగా ఉండేవాళ్లు. ఆయనా అంతే, నెమ్మదిగా మాట్లాడి, పోలీసు డేరాల వైపు చూడకుండా నడిచేవారు.

తెలుగు వాచకం తెరిచి ఒక్కొక్కరినీ చదవమన్నారు. సాలె పిల్ల చదివింది, హవల్దారు కొడుకు చదివాడు, మాదిగవాడ పిల్లలు తడుముకుంటూ చదివారు. లంబాడా పిల్లలు పదహారు మందీ నేల చూపులు చూశారు. ఎంత అడిగినా ఒక్కరూ పెదవి కదపలేదు.

నాకు సిగ్గయింది. "వీళ్లకు తలకెక్కదు సాబ్, మొద్దు పిల్లలు" అన్నాను.

ఆయన ఆ పిల్లల్లో కాస్త పెద్దదాన్ని దగ్గరికి పిలిచారు. పదేళ్లుంటాయి, పేరు చాంది. నీళ్ల కుండ చూపించి "దీంట్ల ఏమున్నది బిడ్డా?" అన్నారు. చాంది మాట్లాడలేదు. "పానీ?" అన్నారు ఉర్దూలో. ఆ పిల్ల తలెత్తి చూసింది. "పాణి" అంది.

వెనక కూర్చున్న చిన్నపిల్లలు "పాణి, పాణి" అని గుసగుసలాడారు. నాలుగు నెలల్లో వాళ్లు ఒక్క గొంతుతో మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

పిల్లలు వెళ్లిపోయాక ఆయన చాప మీద కూర్చుని అన్నారు: "బేటీ, నేను జనగామ దిక్కు పదేండ్లు పిల్లలకు ఉర్దూల లెక్కలు చెప్పిన. ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ. ఒక్కడు నోరు ఇప్పకపోతుండె. మొద్దులని నేను గూడ రాసిన. వాళ్లకు లెక్క రాక గాదు, లెక్క అడిగిన మాట తెల్వక. గది నాకు శానా ఆలస్యంగ తెలిసింది." నల్లబల్ల వైపు చూసి, "వీళ్ల బోలీల అమ్మను ఏమంటరు?" అన్నారు.

నాకు తెలియదు.

"నాలుగు నెలలు జీతం తీసుకున్నవ్, పిల్లలు అమ్మను ఏమని పిలుస్తరో తెల్వదు. మరి మొద్దు ఎవరు?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన తనిఖీ పుస్తకంలో మాత్రం 'పంతులమ్మకు వ్యవధి ఇవ్వవలెను' అని రాసి వెళ్లిపోయారు. నేను తర్వాత చాలామంది అధికారుల కింద పనిచేశాను. ముఖం మీద తిట్టి కాగితం మీద కాపాడినవాడు ఆయన ఒక్కడే. తక్కినవాళ్లు ఎక్కువ మంది దీనికి తలకిందులు.

చాంది నాకు చెప్పిన చదువు

మర్నాటి నుంచి నేనే చాంది దగ్గర చదువుకున్నాను. తల్లితో కట్టెలమోపు అమ్మడానికి ఊళ్లు తిరిగినందువల్ల ఆ పిల్లకు తెలుగు కొంత వచ్చు. ఇన్నాళ్లూ వచ్చని కూడా నాకు తెలియదు. నల్లబల్ల మధ్యలో గీత గీసి ఒక పక్క వాళ్ల గోర్ బోలి మాట, ఒక పక్క తెలుగు మాట, రెండూ తెలుగు అక్షరాల్లోనే రాసేదాన్ని. యాడి, అమ్మ. బాటి, రొట్టె. పాణి, నీళ్లు. నేను పలికితే కొట్టమంతా నవ్వేది.

"గట్ల గాదు పంతులమ్మా, నాలుక మీదికి మడువు" అని చాంది తన నాలుక చూపించేది.

నవ్విన పిల్లలకు భయం పోయింది. వానాకాలం వెళ్లేసరికి లంబాడా పిల్లల్లో తొమ్మిది మంది వాచకం చదవసాగారు. చాంది మొదటి వాచకం అయిపోయి రెండోదానికి వచ్చింది. కూడికలు, తీసివేతలు నోటితోనే చేసేది. పశువుల మందను లెక్కపెట్టే పిల్లకు అదేమంత గొప్ప సంగతి కాదు, అడిగినవాళ్లు లేరు, అంతే.

రెండోసారి వచ్చినప్పుడు కరీం సాబ్ సంతోషపడ్డారు. కానీ ఆ రోజు కొట్టం సగమే నిండింది.

"కడమోళ్లు ఎటు పోయిండ్రు?"

"రాలేదు సాబ్."

"ఎందుకు?"

మళ్లీ నాకు తెలియదు. ఆయన హాజరు రిజిస్టరు తీసుకుని, స్కేలు పెట్టి, ప్రతి పేజీ చివర ఒక గడి గీశారు. పైన 'గైర్హాజరుకు కారణం' అని రాశారు. "జొరమా, బట్టల్లేవా, గొడ్ల కాడికి పోయిండ్రా, ఉన్నదున్నట్టు రాయి. కారణం తెలిస్తే నేను పైకి రాస్త" అన్నారు.

మంచి ఆలోచన. నేను రోజూ అడిగి రాశాను. 'జ్వరం' అన్న మాట పేజీల నిండా కనబడేసరికి ఆయన పైకి రాశారు, క్యాంపుకు కొయినా బిళ్లలు వచ్చాయి. నాకు గర్వంగా ఉండేది. ఆ గడి ఏ రోజూ ఖాళీగా ఉండకూడదని పంతం పట్టాను.

నేను రాసిన మాట

ఒకసారి చాంది మూడు రోజులు రాలేదు. మూడో రోజు వాళ్ల పక్క గుడిసె పిల్ల బుజ్జిని అడిగాను. ఆరేళ్ల పిల్ల. తెలుగు అంతగా రాదు కనుక గోర్ బోలిలోనే అడిగాను, చాంది ఎందుకు రాలేదని.

ఆ పిల్ల నా చెవి దగ్గరికి వచ్చి, వాళ్ల బాప్ వచ్చాడని చెప్పింది.

చాంది తండ్రి లక్ష్యా. పేర్లు రాసుకున్న రోజు 'కూలికి పోయాడు' అని పిల్లలు చెప్పిన తండ్రుల్లో ఒకడు. నేను కలం తీసుకుని, చాంది పేరుకు ఎదురుగా 'తండ్రి ఇంటికి వచ్చాడు' అని రాశాను.

ఆలోచించకుండా రాశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. ఇది రాయకూడదేమో అన్న శంక కలిగింది. కానీ గడి ఖాళీగా ఉంటుంది, 'జ్వరం' అని రాస్తే అబద్ధమవుతుంది. ఆ ఇల్లు నా కొట్టానికి నూరడుగుల దూరం కూడా లేదు. లేచి వెళ్లి చూసి ఉంటే సరిపోయేది.

రేషను మనుషుల లెక్కన ఇచ్చేవాళ్లు కనుక, పిల్లలు ఎందరున్నారో చూసుకోవడానికి క్యాంపు పోలీసుల లెక్కలు రాసే రైటరు వారానికోసారి వచ్చి నా రిజిస్టరు తిరగేసేవాడు. ఆ సాయంత్రం వచ్చాడు. పేజీ తిప్పాడు, కాసేపు చూశాడు, మూసి ఇచ్చాడు. "దస్తూరి ముద్దుగున్నదమ్మా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను బడికి పోతే హవల్దారు కొడుకు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తెల్లవారుతుండగానే పోలీసులు చాంది వాళ్ల గుడిసెను చుట్టుముట్టారట. లక్ష్యా పారిపోలేదు. కూతురి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చుని ఉన్నాడట. తుపాకి మడమలతో మోకాళ్ల మీద కొట్టి, మోటారులో వేసుకుని వరంగల్లు వైపు పోయారు.

చాందికి జ్వరమే. బిడ్డకు జ్వరమని ఎవరో చెబితే అతను అడవిలోంచి వచ్చాడు.

మంగ్లి అన్నది

నేను వాళ్ల గుడిసెకు పోయాను. చాంది గోనెపట్టా మీద పడుకుని ఉంది, కళ్లు తెరవలేదు. తల్లి మంగ్లి గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఎందుకొచ్చినవ్? ఇంకేం రాసుకపోతవ్?"

"నేనే రాసిన అక్కా. తెల్వక రాసిన" అన్నాను. అక్కడ కూడా పూర్తి నిజం చెప్పలేకపోయాను.

"ఊరోళ్లు అడిగిండ్రు, చెప్పలే. పోలీసోళ్లు కొట్టి అడిగిండ్రు, చెప్పలే. గా చిన్న పోరి నీకెందుకు చెప్పింది? నువ్వు మా బోలి మాట్లాడ్తవని చెప్పింది. మా మనిషివి అనుకున్నది" అంది మంగ్లి.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఆ నిమిషానికి నాకు ఒక్క గోర్ బోలి మాట కూడా తెలియకపోతే ఎంత బాగుండునో అనిపించింది.

మర్నాడు మానుకోటకు నడిచిపోయి కరీం సాబ్‌కు అంతా చెప్పాను. చెయ్యి ఆగిన సంగతి కూడా చెప్పాను. ఆయన టోపీ పెట్టుకుని, "గడి గీసింది నేను, రాసింది నువ్వు. పోదాం పా" అన్నారు.

డేరాలో క్యాంపు అధికారి ఎదుట ఆయన నిలబడే మాట్లాడారు. లక్ష్యాను విడిచిపెట్టమని అడిగారు. అధికారి నవ్వాడు. బడి రిజిస్టరు బడివాళ్లు తప్ప ఎవరూ చూడకూడదని అడిగారు. "మీలాంటి వాళ్ల మీద కూడా మా దగ్గర కాగితాలున్నాయి, గుర్తుంచుకోండి" అన్నాడు అధికారి.

కరీం సాబ్ బయటికి వచ్చి నేరుగా బడి కొట్టానికి నడిచారు. రిజిస్టరు తీసి సంచిలో పెట్టుకున్నారు. వెంట వచ్చిన రైటరు అడ్డుపడితే, "ఇది మా దఫ్తరుది. తనిఖీకి తీస్కపోతున్న. రసీదు రాసిస్త, తీస్కో" అన్నారు. మర్నాడు నాకు కొత్త రిజిస్టరు పంపారు. అందులో ఆ గడి లేదు. రేషను లెక్క ఇక బడితో పని లేకుండా గుడిసెల దగ్గరే తీసుకోవాలని తాలూకా కచేరీ నుంచి ఒక ఉత్తర్వు కూడా సంపాదించారు. అంత భయస్థుడు అంత పని ఎట్లా చేశాడని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. ధైర్యవంతులని పేరున్న అధికారులను తర్వాత చూశాను. వాళ్లకు పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

లక్ష్యా విషయంలో మాత్రం మేం చెయ్యగలిగిందేమీ లేకపోయింది.

పేరు లేని పిల్ల

చాలా రోజులు లంబాడా పిల్లలు ఎవరూ బడికి రాలేదు. గుడిసెలకు పోయి రమ్మని అడిగే హక్కు నాకు లేదనిపించింది. రోజూ పొద్దున కొయినా బిళ్ల, గంజి తీసుకుని చాంది దగ్గరికి మాత్రం పోయేదాన్ని. మంగ్లి చెయ్యి చాచి తీసుకుని లోపలికి పోయేది. మధ్యాహ్నం బడి తలుపు తీసి, ఉన్న ఆరుగురికీ చెప్పుకునేదాన్ని.

ముందుగా బుజ్జి వచ్చింది. తర్వాత ఇద్దరు, నలుగురు. చివరికి ఒకరోజు మంగ్లి చాంది చెయ్యి పట్టుకుని వచ్చి గడప బయటే నిలబడింది.

"ఇది ఇంట్ల ఊకుంటలేదు, బడి బడి అని ఏడుస్తున్నది. చదువు చెప్పు. పేరు మాత్రం రాయకు. రాస్తే గీ పొద్దే తీస్కపోత" అంది.

రాయలేదు. దాదాపు ఏడాది పాటు చాంది ఆ బడిలో ఉంది, రిజిస్టరులో లేదు. చిన్నపిల్లలకు నా తెలుగును తమ బోలిలోకి మార్చి చెప్పింది చాందే. సాలుసరి పరీక్షలో అందరికన్నా బాగా చదివింది, లెక్కలన్నీ చేసింది. ఫలితాల పట్టికలో ఆమె లేదు కనుక, ఆ ఏడు మా బడిలో మొదటివాడు హవల్దారు కొడుకు. 'లంబాడా విద్యార్థుల ప్రగతి సామాన్యము' అని పైవాళ్లు రాశారు. పిల్లల మీద తయారైన పట్టికలు మీ చేతికి వచ్చినప్పుడు, అందులో లేని పిల్లలెవరో, ఎందుకు లేరో విచారించండి. నాకు ఆ అలవాటు అక్కడే అయింది.

ఈ ఉద్యోగంలో ఉన్నదున్నట్టు రాయమని మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేనూ అదే చెప్తాను. కాకపోతే రాసింది ఎవరెవరు చదువుతారో తెలుసుకుని రాయండి. పిల్ల బడికి రాకపోతే పక్క పిల్లను అడగొద్దు, లేచి వెళ్లి చూడండి.

లక్ష్యా వచ్చిన రోజు

అడవిలో పోరాటం ఆగిపోయింది. క్యాంపు ఎత్తేశారు, తండాలవాళ్లను తమ చోటికి పొమ్మన్నారు. జైళ్లలోంచి మనుషులు ఒక్కొక్కరే వస్తున్నారు. బడి సామాను సర్దుతుండగా ఒక మధ్యాహ్నం చాంది లోపలికి వచ్చింది. వెనకాల కట్టె ఊతంగా ఒక మనిషి. కుడికాలు ఈడుస్తున్నాడు. లక్ష్యాను నేను చూడటం అదే మొదటిసారి.

కుర్చీ జరిపితే కూర్చోలేదు.

"జేల్ల మాకు అచ్చరాలు నేర్పిండ్రు. తెలుగు చదువుత ఇప్పుడు" అన్నాడు. "నువ్వు రాసినవట గద, నా ముచ్చట. గది సూపియ్యి."

కరీం సాబ్ పాత రిజిస్టరును, బడి సామానుతో ఉండాలని, అంతకు కొద్ది రోజుల ముందే తిప్పి పంపారు. పెట్టెలోంచి తీశాను. పేజీ వెతికి అతని ముందు పెట్టాను. అతను గడి మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు.

"తం-డ్రి... ఇం-టి-కి... వ-చ్చా-డు."

మరోసారి మనసులో చదువుకున్నాడు.

"అవు, వచ్చిన. అబద్ధం గాదు. గని బిడ్డకు జొరమొస్తె వచ్చిన. గా మాట ఏది?"

అతని వేలు ఇంకా గడి మీదే ఉంది.

"గది గూడ రాయి" అన్నాడు.

గడిలో చోటు లేదు. అంచున, చిన్న అక్షరాలతో రాశాను. కళ్ల నీళ్లకు అక్షరాలు కనబడలేదు. అతను వంగి అది కూడా చదువుకున్నాడు, చదివి తల ఊపాడు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. చాంది తండ్రి చెయ్యి తన భుజం మీద వేసుకుంది, ఇద్దరూ తండా దారి పట్టారు.

పిల్లలు తండాలకు పోయాక రోడ్డు పక్క బడితో పని లేకపోయింది. కరీం సాబ్‌ను అడిగి బడినే తండాకు మార్పించుకున్నాను. పక్క ఊరి నుంచి అడవి దారిన రెండు కోసులు నడక. మొదటి రోజు నేను చేరేసరికి మంగ్లి, మరి నలుగురు ఆడవాళ్లు కలిసి కొట్టం నేల పేడతో అలికి ఉంచారు. తడి ఇంకా ఆరలేదు. అది ఆరేదాకా పిల్లలూ నేనూ బయట ఎండలో నిలబడి ఎక్కాలు చెప్పుకున్నాం.